మూడు పిడికిళ్ల ఓటు

చర్చి పెద్దలారా, ఈ తప్పు మీది! పొయ్యి ముట్టించిన ప్రతిసారీ ఆడవాళ్లు దేవుడి పేర తీసిపెట్టిన పిడికెడు బియ్యం ఏళ్ల తరబడి లాక్కున్నారు. అదే ఆడవాళ్ల చేతికి ఓటు చీటీ ఇచ్చేటప్పుడు ఒక్క వాక్యం రాయడానికి మీకు సిరా కరువైంది. మూడు పేర్లు, మూడు గడులు, 'అంకెలు వేయవలెను'. అంతే! ఏ అంకె ఎక్కువో మీ తాత వచ్చి చెబుతాడా?

నస్పూర్ శివారులోని ఆ చిన్న చర్చిలో ఆదివారం ఆరాధన ముగిసి లెక్కింపు మొదలయ్యేసరికి ఆనందమ్మ కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చర్చి వెనుక ఎకరం సమాధుల జాగ ఉంది, దాని గేటు తాళంచెవి పాస్టరు దగ్గర. ఆమె భర్త ఏలియాను పోయిన చలికాలం అక్కడే పెట్టారు. మన్ను ఇంకా కుంగనైనా లేదు. ఆ జాగను ప్లాట్లు చేసేవాళ్లకు అమ్ముదామంటున్నవాడు కోశాధికారి సాల్మన్. ఇవాళ కమిటీ అధ్యక్షుడైతే రేపే సంతకమని చెప్పనే చెప్పాడు. ఎముకలను వేరే చోటికి మారుస్తాడట. జేసీబీతో మారుస్తాడు కాబోలు! ఆ మాట విన్నప్పటి నుంచి ఆనందమ్మకు ముద్ద దిగడం లేదు.

సాల్మన్‌కు ఎదురు నిలబడ్డ రాజయ్య, కుమార్ ఇద్దరూ జాగ అమ్మవద్దన్నవాళ్లే. పోయినసారి కోశాధికారి ఎన్నికలోనూ ఈ ముగ్గురే. ఆ ఇద్దరికీ కలిపి డెబ్బై మూడు ఓట్లు, సాల్మన్‌కు నలభై ఒకటి. గెలిచింది సాల్మన్!

ఈ ఎన్నికకు ముందు ఆ మాట చెప్పి ఆనందమ్మ ఫోన్లో ఏడిస్తే, గ్లాస్గోలో నర్సుగా ఉన్న కూతురు మహిమ అంది:

"అవ్వా, ఈడ పెద్ద పార్లమెంటుకు సుత గంతే. ఒక్కలికే గుర్తు వెట్టాలె. ఎవలికి ఎక్కువొస్తే ఆయనే, సగం మందికి గిట్టకున్నా సరే. స్కాట్లండ్ పార్లమెంటుకైతే రెండు చీట్లు, ఒకటి మనిషికి, ఒకటి పార్టీకి. మా నగరం కౌన్సిలుకు నంబర్లేస్తం. బాగ నచ్చినోనికి ఒకటి, గాయిన గాకపోతే గీయిన అని రెండు."

"మరి ఓడినోనికి ఏసిన ఓటు ఆగమే గదా?"

"గాదవ్వా. అందరికన్న ఎనకవడ్డోన్ని తీసేస్తరు. ఆయన చీట్ల మీద రెండో నంబరు ఎవలికుంటే వాళ్లకు కలుపుతరు."

ఆనందమ్మ మూడు వారాలు పాస్టరు వెంటపడి నంబర్ల ఓటుకు ఒప్పించింది. "జర పైలం చిన్నమ్మా, పట్టభద్రుల ఎమ్మెల్సీకి గిట్లనే నంబర్లేయమంటే, డిగ్రీలు చదివినోళ్ల ఓట్లే ఎన్నో చెల్లకుంట పోయినయ్" అని కుమార్ నవ్వాడు. దానికి భయపడే ఆమె ఇంటింటికీ తిరిగి, ఒక్క గడి కూడా ఖాళీగా విడవొద్దని చెప్పింది. ఒకటే పెద్దదని మాత్రం చెప్పలేదు. అది అందరికీ తెలిసిందే అనుకుంది.

"ఒకటి, సాల్మన్." పాస్టరు చీటీ ఎత్తి చదివి, బలపంతో గీత పెడుతున్నాడు. "ఒకటి, సాల్మన్. ఒకటి, రాజయ్య. ఒకటి, సాల్మన్. ఒకటి, సాల్మన్..."

నల్లబల్ల మీద సాల్మన్ పేరు కింద గీతలు పెరుగుతున్నాయి. ఆనందమ్మ గీతలు లెక్కపెట్టింది. ఇంతమంది ఎవరు? ఏలియా పాడె వెంట నడిచిన వాళ్లేనా?

బాప్తిస్మం తీసుకుని యాభై ఏళ్లయినా పేరు మార్చుకోని పోశవ్వ పక్కనుంచి మోచేత్తో పొడిచింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. రాజయ్యకు నేను మూడేసిన."

"ఏంది?"

"మూడు పిడికిళ్లు! కుమార్‌కు రెండు. గా సాల్మన్‌గానికి ఒక్కటే. గది సుత, గడి ఖాళీ ఇడువొద్దని నువ్వంటివని ఏసిన."

ఆనందమ్మకు అర్థమైంది. ప్రతి ఆదివారం ఆడవాళ్లు గంపలో బియ్యం పోసి, కార్డు గడిలో ఎన్ని పిడికిళ్లో అంకె వేస్తారు. వాళ్లలో సగం మందికి వచ్చిన రాత అదొక్కటే. ఈ చీటీ కూడా అచ్చం ఆ కార్డులాగే ఉంది!

వెనక్కి తిరిగింది. "వినోదా, రాజయ్యకు ఎంతేసినవ్?"

వినోద మూడు వేళ్లు చూపించింది. ఆమె వెనక బెంచీలో ఇంకో చెయ్యి. ఇంకో మూడు వేళ్లు. ఆడవాళ్ల వైపు చివరి బెంచీ దాకా మూడేసి వేళ్లు.

సాల్మన్ చూస్తూనే ఉన్నాడు. తన వాళ్లకు మాత్రం ఇల్లిల్లూ తిరిగి సరిగ్గానే నేర్పుకున్నాడు మరి! ఆనందమ్మ లేచింది.

"కూసో వొదినే," అన్నాడు సాల్మన్. "నంబర్లు గావాలె అన్నది నువ్వేనాయె. విలాయత్ నుంచి తెప్పిస్తివి. ఓడంగనే కడుపునొప్పా?"

మగవాళ్ల వైపు నవ్వులు. తప్పు ఒప్పుకుంటే అందరి ముందు మొహం చెల్లదు. ఒప్పుకోకపోతే రేపు జేసీబీ వస్తుంది. కిటికీలోంచి ఏలియా మీది పచ్చి మన్ను కనిపించింది.

"ఔ, నేనే తెప్పించిన," అంది. "ఏది ఎక్కువో చెప్పకపోతిని, గది నా తప్పు. చీటీ మీద రాయకపోవుడు మీ తప్పు. పాస్టరయ్యా, గా బలపం కింద వెట్టు! గీళ్లు పిడికిళ్ల లెక్కన ఏసిండ్రు, ఒక్కొక్కల్ని అడుగు. చీట్లు మళ్ల రాపియ్యి. బాగ నచ్చినోనికి ఒకటి అని పైన పెద్దగ రాయి, చదువు రానోళ్లకు చదివి చెప్పు. ఇయ్యాల్నే, గీడనే మళ్ల ఓటు వెట్టు. గప్పటిదాంక సమాధుల గేటు తాళంచెయ్యి నా చేతికియ్యి!"