పసుపు కింది బాణం

నేను ఒక రాయిని. రాయి కదలదని మీరనుకుంటారు గాని, ఈ ఉడుములకొండ మీద నన్ను కదిలించకుండా వదిలినవాడు లేడు.

మొదట నన్ను బౌద్ధ భిక్షువుల కోసం చెక్కారు. ఒంటినిండా తామరపువ్వు. వాళ్లు వెళ్లిపోయాక రాజుగారొచ్చి కోట కట్టారు. పువ్వు మీద భటుల కాళ్లు జారుతున్నాయని నన్ను బోర్లా తిప్పి గడపగా వేశారు. తర్వాత నవాబుగారి ఫిరంగులొచ్చి ఆ గడపనూ కూల్చాయి. వచ్చిన ప్రతివాడూ తానే శాశ్వతమన్నాడు. నేను దొర్లుకుంటూ వెళ్లి కాలిబాట రెండుగా చీలే చోట ఆగాను.

ఆ మధ్య పట్నం నుంచి శ్రీకర్ అనే ఆయన కొండలెక్కే బృందాన్ని వెంటేసుకొచ్చాడు. శిథిలాలు చూసినదానికన్నా ఫొటోలు దిగిందే ఎక్కువ. పోతూ పోతూ, దిగేవాళ్లు దారి తప్పకూడదని నా మీద ఎర్ర రంగుతో బాణం గీశాడు. అది చూపించిన వైపు ఊరు, రెండో వైపు లోయ.

మర్నాడు తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ కొమురమ్మ వచ్చింది. ఎర్రటి గుర్తు చూసి చేతులు జోడించింది. అంతలో పొదలోంచి మేక అరిచింది. ఇంకేముంది, నాకు పసుపు! ఏడాది తిరిగేసరికి బాణం పూర్తిగా మునిగిపోయి, నేను అమ్మవారినయ్యాను. పదవి ఊరికే వచ్చింది గాని నైవేద్యం బెల్లానికి ఒళ్లంతా చీమలు.

మొన్నామధ్య శ్రీకర్ మళ్లీ వచ్చాడు, ఈసారి కూతురు ఇందుజతో. దిగేటప్పుడు ఆ పిల్ల కాలు బెణికింది. పొద్దు వాలుతోంది, ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఇద్దరూ నా దగ్గర ఆగారు.

"నాన్నా, ఎక్కడో బాణం వేశానన్నావుగా?"

"వేశానమ్మా, ఇక్కడే ఏదో రాయి మీద. ఇది మాత్రం కాదు, ఇది వెయ్యేళ్లనాటి అమ్మవారు."

నాకు నోరుంటే అక్కడే తిట్టేదాన్ని. ఆయన బూట్లు విప్పి నా ముందు కూలబడ్డాడు. "తల్లీ, దారి చూపించు, నా బిడ్డను ఇల్లు చేర్చు" అని ఏడ్చాడు. చూపిస్తూనే ఉన్నాను నాయనా! వేళ్లకు పసుపంటింది గాని గీకి చూడాలని తోచలేదు. కళ్లకద్దుకుని లేచి, కూతుర్ని నడిపించుకుంటూ లోయ వైపే తిరిగాడు. రాయికి గుండేమిటని నవ్వకండి, నాకు నిజంగానే భయమేసింది.

"ఓ సారూ, అటెందుకు పోతున్నరు? అటు లోయున్నది, ఇటు రండ్రి!" నాకు దీపం పెట్టడానికొచ్చిన కొమురమ్మ కేకేసింది. పరుగున వచ్చి పిల్లకు భుజం ఆసరా ఇచ్చింది. "అమ్మనే నన్ను తోలింది బిడ్డా" అంటూ ఊళ్లోకి దింపింది.

నెల తిరక్కుండా శ్రీకర్ వచ్చి నాకు రేకుల పందిరి వేయించాడు. ఇంకెవరూ దారి తప్పకూడదని, దిగువన పడున్న మా కోటగోడ రాయి మీద ఎర్రగా కొత్త బాణం గీసి వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే అటువైపు ఎవరో కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినిపించింది.