పాలు ఎందుకు ఆగాయంటే

పాలసీసాలు ఉడకబెట్టడం మొదట్లో నాకు శిక్షలా ఉండేది. నీళ్ళు మరుగుతుంటే గిన్నెలో సీసాలు టకటకా కొట్టుకునేవి. ఆ చప్పుడు వినగానే నువ్వూ ఒక తల్లివేనా అని ఎవరో అడుగుతున్నట్టు అనిపించేది. నా బిడ్డ లహరికి ఐదో నెల వచ్చేసరికి దానికీ అలవాటుపడ్డాను. ఆ పొద్దున సీసాలు దించి గుడ్డ మీద బోర్లిస్తున్నాను. వరండాలో పక్కింటి ఉష మా అత్తగారి దగ్గర కూర్చుని కష్టం చెప్పుకుంటోంది. వాళ్ళ పిల్లాడు రెండేళ్ళు దాటినా పాలు మానడం లేదట.

"వేపాకు నూరి రాశా పిన్నీ. తుడిచేసి మరీ తాగుతున్నాడు వెధవ. ఏం చేయాలో తోచట్లా."

మా అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మామూలుగా అంది. "ఇంకా వేపాకులేందే? మావాడి షాపులో మాత్రలుంటయ్యి, పాలు ఆగటానికి. పురిట్లో మా కోడలు ధరణికి అయ్యే గదా వేసింది. రెండ్రోజుల్లో ఆగిపోయినయ్. వాణ్ణడిగి తెప్పిస్తాలే."

నేను వరండాలోకి వచ్చాను. "ఏ మాత్రలు అత్తయ్యా?"

"అదేందే, నీకు చెప్పే వేశానన్నాడే వాడు! నువ్వే సరేనన్నావంట గదా."

నా ముఖం చూసి ఆవిడ చేతిలో కాయ పక్కన పెట్టేసింది. ఆవిడకు అబద్ధాలాడే అలవాటు లేదు. ఉష ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయింది.

ఆరో తరగతిలో ఉండగా నాకు షుగర్ వచ్చింది. ముసలివాళ్ళకొచ్చే రకం కాదు, ఒంట్లో ఇన్సులిన్ అసలు తయారవ్వని రకం. సూది లేకపోతే నేను బతకను. పెళ్ళిచూపుల్లోనే మా నాన్న ఏదీ దాచకుండా చెప్పాడు. అబ్బాయికి నరసరావుపేటలో మందుల షాపు. "ఇన్సులిన్‌కి కరువా మా ఇంట్లో!" అని మా మామగారు పెద్దగా నవ్వాడు. మందుల షాపువాడికి మందుల పెళ్ళాం దొరికిందని బంధువులు వేళాకోళం చేస్తే నేనూ నవ్వాను. నిజంగా అదృష్టమనే అనుకున్నాను. ఇన్సులిన్ అయిపోవస్తోందని నేనెప్పుడూ అడగాల్సిన పని పడలేదు. ఫ్రిజ్ తలుపులో కొత్తది వచ్చి ఉండేది. తొలికాన్పుకి పుట్టింటికి, బెల్లంకొండకు పంపమని మా అమ్మ అడిగితే, షాపుకి దగ్గరలో ఉంటేనే మంచిదని మా ఆయన అన్నాడు. అది కూడా ప్రేమగానే తోచింది నాకు.

డాక్టరమ్మ మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. షుగరున్న తల్లులకు పాలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పడొచ్చు, కంగారుపడొద్దు, బిడ్డను మాటిమాటికీ రొమ్ముకు పెట్టమంది. ఇన్సులిన్ వల్ల పాలకు ఏ చెడుపూ లేదంది. పాలిచ్చేటప్పుడు షుగర్ పడిపోవచ్చు, పక్కన తినడానికి ఏదో ఒకటి ఉంచుకోమంది. ఆయన తలూపుతూ విన్నాడు. చెప్పినట్టే పాలు ఆలస్యమయ్యాయి. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ చుక్క లేదు. ఇంటికొచ్చాక పడ్డాయి. జాకెట్టు తడిసిపోయి, రొమ్ములు రాళ్ళలా సలుపుతుంటే ఏడుస్తూ నవ్వాను. ముందు ఆయనకే చెప్పాను. మర్నాడు లహరి తాగుతుండగా నాకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. బెల్లం ముక్క తెమ్మని కేకేస్తే పరిగెత్తుకొచ్చాడు. ఆ సాయంత్రమే అరచేతిలో మాత్ర, ఇంకో చేతిలో నీళ్ళ గ్లాసుతో వచ్చాడు. "బలానికి, వేసుకో" అన్నాడు. వేసుకున్నాను. ఏ మాత్ర అయినా పేరు చదవకుండా వేసుకోని మనిషిని, మొగుడి చేతిలోదని చదవలేదు. మర్నాడూ అలాగే ఇచ్చాడు. ఆ తర్వాత రొమ్ములు మెత్తబడిపోయాయి.

అప్పట్నుంచి నేను తినని గడ్డి లేదు. మెంతులు, వెల్లుల్లి, బొప్పాయి కూర, ఎవరేం చెబితే అది. బిడ్డను రొమ్ముకు పెట్టుకుని గంటలకొద్దీ కూర్చునేదాన్ని. చూడొచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట, "షుగరు ఒళ్ళాయె, పాలెక్కడుంటయ్యి?" మా ఆడపడుచు ఇంద్రజ అయితే, "మా అన్నయ్య బిడ్డకి డబ్బాపాలే రాసిపెట్టుంది" అని నిట్టూర్చింది. ఆయన అక్కడే ఉన్నాడు. ఒక్క మాట అంటే నా మీద పడ్డ ఆ నింద పోయేది. అనలేదు. నేను గదిలోకి పోయి ఏడుస్తుంటే వచ్చి భుజం నిమిరాడు. "బాధపడమాక, నీ తప్పేముంది" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. మాత్ర ఇవ్వడం కంటే ఆ ఓదార్పే ఇప్పుడు నన్ను ఎక్కువ మండిస్తోంది. నా ఒళ్ళు నాకు అన్యాయం చేసిందని ఇన్నాళ్ళు దాన్ని తిట్టుకున్నాను. పాపం, ఆలస్యంగానైనా అది తన పని తాను చేసింది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చాడు. కంచం ముందు కూర్చోగానే అడిగాను. "పాలు ఆగటానికి మాత్రలిచ్చారా నాకు?"

ముందు వాళ్ళమ్మ వంక చూశాడు. "ఇప్పుడెందుకే అదంతా?"

"ఇచ్చారా, లేదా?"

"నీ మంచికే ఇచ్చా. పిల్ల ఒళ్ళో ఉండగా షుగర్ పడిపోయి నువ్వు పడితే ఏంది పరిస్థితి? ప్రతిసారీ షాపు వదిలేసి పరిగెత్తుకు రాగలనా?"

"ఆ మాటే నాతో అనొచ్చుగా."

"చెప్తే వినేదానివా?"

వినేదాన్ని కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే చెప్పలేదు.

"చెప్పానన్నావు గదరా నాతో," అంది మా అత్తగారు నెమ్మదిగా. ఆయన పప్పు కలుపుకున్నాడు. తిని, చేయి కడుక్కుని, ఫ్రిజ్ తెరిచి చూశాడు. "ఇన్సులిన్ అయిపోవస్తంది. సాయంత్రం తెస్తాలే," అన్నాడు, ఎప్పుడూ అనేట్టే.

అప్పుడు నాకు భయమేసింది. ఈ ఇంట్లో మొదటిసారి. పాలు లేకపోయినా నా బిడ్డ డబ్బాపాలతో పెరుగుతోంది. ఇన్సులిన్ లేకుండా నేను ఒక్క రోజు ఉండలేను. నా మంచి కోసమని ఈయన రేపు ఇంకేం నిర్ణయిస్తాడో, దేంట్లో ఏం కలిపిస్తాడో నాకెలా తెలుస్తుంది? ప్రతి సీసా తిప్పి చూసుకుంటూ, ప్రతి గ్లాసూ వాసన చూసుకుంటూ ఎన్నాళ్ళని బతకాలి?

సాయంత్రం లహరిని చంకనెత్తుకుని, డాక్టరమ్మ చీటీ తీసుకుని బజారుకు నడిచాను. మా షాపుకి సరిగ్గా ఎదురుగా ధనుంజయరావు మందుల షాపు. రెండు షాపులకీ మధ్య ఎప్పట్నుంచో పోటీ. మా ఇంటి మనిషి ఆ మెట్టు ఎక్కడం ఎవరూ చూసి ఉండరు. నేను ఎక్కాను. జనం ఉన్నారు. అటువైపు మా ఆయన బేరం ఆపేసి చూస్తున్నాడు.

ధనుంజయరావు చీటీ చదివి కళ్ళజోడు పైనుంచి చూశాడు. "అదేందమ్మా, ఎదురుగ్గా మీ షాపే గదా? ఇన్సులిన్ లేదా అక్కడ?"

"ధరణీ!" రోడ్డుకి అటునుంచి మా ఆయన గట్టిగా పిలిచాడు. జనం అటు చూసి, ఇటు నావైపు తిరిగారు.

"ఉంది బాబాయ్," అన్నాను, అటువైపుకి కూడా వినబడేలా. "కానీ అక్కడ నాకు చెప్పకుండా మందులు మింగిస్తారు."