మంగళవారం నీళ్లు

"టీలో మందు వాసనొస్తోంది. గిన్నె సరిగ్గా కడగలేదా?" అన్నాడు మొగుడుగారు, కప్పు బల్ల మీద అవతలికి తోసేస్తూ.

"సబ్బు అలాగే వదిలేసి ఉంటుంది. ఉద్యోగాల మహారాణికి తీరికెక్కడిదీ?" అని అత్తగారు లోపలి గదిలోంచి వంత పాడింది.

గిన్నె అద్దంలా ఉంది. వాసన నీళ్లది. నెలలో మొదటి మంగళవారం కుళాయి నీళ్ల శాంపిళ్లు తీస్తారు. పరీక్షలో ఒక్క క్రిమి కూడా ప్రాణాలతో దొరక్కూడదని ముందురోజు సాయంత్రమే ప్లాంటులో క్లోరిన్ రెట్టింపు కలుపుతారు. ఈ సంగతి, ఊరి నీటి సరఫరా ల్యాబులో పదకొండేళ్లుగా కెమిస్టుగా ఉన్న ఆమెకి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? ఒకసారి మొగుడికి చెప్పింది కూడా. "నీళ్లంటే నీళ్లే. వాటికి వాసనేంటి, మరీ చోద్యం కాకపోతే!" అని నవ్వాడు, టైర్ల షోరూంలో పొద్దంతా ఫోను గోక్కుంటూ కూర్చునే ఆ మహానుభావుడు. ఆ రోజు ఆమె తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. తలుచుకుంటే తన మీద తనకే రోత పుడుతుంది.

ఆఫీసులో ఆమెని 'సీసాల మేడమ్' అంటారు. పైనుంచి తనిఖీకి ఎవరైనా వస్తే రిపోర్టు రాసేది ఆమె. దాన్ని తప్పుల్తో చదివి వినిపించేది పెద్ద ఇంజనీరు. చదివేముందు ఆమె వైపు తిరిగి, "అమ్మా, వీళ్లకి టిఫిన్లు అందాయో లేదో కాస్త చూడు," అంటాడు. శాంపిళ్లు ఏ కుళాయిల్లో తియ్యాలో జాబితా రాసింది కూడా ఆయనే. మొత్తం పన్నెండు కుళాయిలు, పన్నెండూ ప్లాంటు గోడకి కూతవేటు దూరంలోనివే. ఏడోది ఆయనగారి పెరట్లో మొక్కలకి నీళ్లు పట్టే కుళాయి! గొట్టం చివర ఉన్న వీధులు జాబితాలో లేనే లేవు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, నెలనెలా ఊరి నీళ్లన్నీ స్వచ్ఛమే. కింద సంతకం మాత్రం ఆమెది. ఇప్పటికి నూట ముప్పై పెట్టింది. పిరికిదే గానీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.

ఆ శుక్రవారం, ఊరి చివరి శిశుసంరక్షణ కేంద్రం ఆయా ల్యాబు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మా పిల్లలు తొమ్మిదిమందికి విరేచనాలు మేడమ్. నీళ్లు చూడండయ్యా అని ఫోన్ చేస్తే, మీ వీధి లిస్టులో లేదన్నారు. లిస్టులో లేకపోతే మేం నీళ్లు తాగమా?"

ఆమె ఐసుపెట్టె, సీసా తీసుకుని ఆయా వెంట నడిచింది. పరీక్ష పొడి కలిపి ల్యాబులోని వెచ్చటి పెట్టెలో ఉంచితే, మర్నాటికి సీసాలో నీళ్లు పసుపుపచ్చగా మారాయి. నీలిదీపం కింద పెడితే మెరిశాయి. అంటే మురుగు కలిసింది. ఎక్కడో డ్రైనేజీ పగిలి మంచినీళ్ల గొట్టంలోకి కారుతోంది, దాన్ని పసివాళ్లు తాగుతున్నారు.

పెద్ద ఇంజనీరు సీసా వైపు కూడా చూడలేదు. "ఎవరు తియ్యమన్నారమ్మా? లిస్టులో లేని కుళాయిది శాంపిలే కాదు, పారబొయ్యి. మంగళవారంవి పన్నెండూ బాగున్నాయిగా? సోమవారం వచ్చి సంతకం పెట్టు."

"పిల్లలు తాగుతున్నారు సార్."

"పిల్లలన్నాక కడుపులు కదలవా? నువ్వు మరీను!"

ఆమె వాదించలేదు. మళ్లీ అదే వీధికి వెళ్లి, ఆ కుళాయిలోనూ, దానికి ఎగువ ఇంట్లోనూ, దిగువ ఇంట్లోనూ నీళ్లు పట్టింది. మూడు సీసాలూ వెచ్చటి పెట్టెలో పెట్టి ఇల్లు చేరేసరికి, ఆమె కన్నా ముందే ఫోను చేరింది.

"మీ పెద్దాయన చేశాడు. 'మీ ఆవిడకి కాస్త నచ్చజెప్పండి' అన్నాడు. ఎంత మర్యాదస్తుడు!" అన్నాడు మొగుడు, సన్మానం జరిగినవాడిలా. "సంతకమే కదా, పారేసి రా. ఇంట్లో గిన్నె కడగడం చేతకాదు గానీ ఊరి నీళ్లు కడుగుతుందట!"

"ఊళ్లో పేరు చెడితే మా వాడు నలుగురిలో తలెత్తుకు తిరగాలా వద్దా?" అంది అత్తగారు.

అయితే ఇదన్నమాట. ఆమె చదువూ, ఉద్యోగమూ, సీసాలో మెరిసిన నిజమూ, వీటన్నిటినీ ఇద్దరు మగాళ్లు ఫోనులో తేల్చేసుకున్నారు, తప్పిపోయిన గేదెని అప్పజెప్పుకున్నట్టు. ఆమెకి కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ తను భయపడింది వీళ్లకా? నీళ్లకి వాసనే ఉండదనే ఈయనకా? పెరటి కుళాయితో ఊరిని కొలిచే ఆయనకా? ఛీ, ఎంత చవకబారు మనుషులకి ఎంత ఖరీదైన భయం ధారపోసింది! అత్తగారు ఇంకా ఏదో అంటూనే ఉంది. ఆమె వెళ్లి పడుకుని హాయిగా నిద్రపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ల్యాబుకి వెళ్లి చూస్తే మూడు సీసాలూ మెరిశాయి. ఆఫీసులో నిబంధనల పుస్తకం తెరిచి చదివింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లకి అది గాలికి తలుపు పడకుండా పెట్టే బరువు. ఇలాంటి ఫలితం వస్తే ఒక్కరోజులో జనానికి చెప్పాలి. పై అధికారి చెప్పకపోతే, ల్యాబు బాధ్యత ఎవరిదో వాళ్లే చెప్పాలి. ఆమె కూర్చుని హెచ్చరిక రాసింది. వీధి పేరుతో సహా, మురుగు అన్న మాటతో సహా రాసి కింద తన పేరు పెట్టింది. నీటి నాణ్యత చూసే నియంత్రణ కార్యాలయానికీ, నీళ్లు రాని రోజున ఆఫీసు మెసేజ్ పెట్టే పద్ధతిలోనే ఊళ్లో అందరి ఫోన్లకీ పంపింది. తర్వాత నెలవారీ రిపోర్టు తీసి, సంతకం చెయ్యాల్సిన చోట ఇలా రాసింది: 'ఈ జాబితా మోసం. మంగళవారం నీళ్లు ఊరు తాగే నీళ్లు కావు. ఇది తెలిసే నూట ముప్పైసార్లు సంతకం పెట్టాను.' దాన్నీ ఆ కార్యాలయానికి పంపింది. ఈసారి అక్షరాలు కొంచెం వంకరపోయాయి.

పావుగంటలో మొగుడి ఫోను వచ్చింది.

"ఏంటిదంతా? ఊరందరి ఫోన్లకీ వచ్చింది! కింద నీ పేరుంది!"

"ఉంటుంది. రాసింది నేనే."

"ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"పోవచ్చు. జైలుకే పంపినా పంపుతారు."

అవతల ఆ గొంతు బాగా చిన్నదైపోయింది.

"మరి... ఇంట్లో నీళ్ల సంగతి? అమ్మ దాహమంటోంది. నువ్వెప్పుడొస్తావు?"

"చదివారు కదండీ, కాచి తాగాలని. గిన్నె పొయ్యి మీద పెట్టడం దగ్గర్నుంచీ వివరంగా రాశాను, మీలాంటివాళ్లు చదువుతారని తెలిసే," అంది ఆమె.