వెనక్కి వాలిన పలక

నేను ఒక సిలికాన్ పలకను. అరచేతంత ఉంటాను. నా ఒంట్లోంచి అణువుకన్నా సన్నని రేణువు దూసుకుపోతే ఎక్కడ తగిలిందో చెప్పడం నా పని. పగ పట్టడం నా పనిలో లేదు, మనుషుల మధ్య ఉండి నేర్చుకున్నాను.

మా పరిశోధనశాలలో ఒక గొట్టం నడిమధ్య రేణువులు ఢీకొంటాయి. తునకలు రెండు పక్కలకూ ఏటవాలుగా చిమ్ముతాయి. మమ్మల్ని గొట్టం వెంట బల్లపరుపుగా పేరిస్తే అవి మమ్మల్ని గీరుకుంటూ పోతాయి, గుర్తు సరిగ్గా పడదు.

"జల్లు ఎటు కొడితే గొడుగు అటు వంచమూ? పలకల్నీ నడిమికేసి వంచుదాం," అంది మా ఇంజనీరు మందాకిని. ఏళ్ల తరబడి కూర్చుని ఒక్కో పలకకూ వాలు కుదిర్చింది. నన్ను చట్రానికి బిగించింది కూడా ఆమే.

పని పూర్తికావస్తుండగా పరిశోధనశాల పెద్ద సుగుణాకరం ఆమెను స్టోర్సుకి మార్చేశాడు. గుమ్మం దగ్గర ఇత్తడి బోర్డు కొట్టించాడు, 'రూపకల్పన: ఆచార్య సుగుణాకరం' అని.

"నా పేరేది సార్?"

"నాలుగు పలకలు వంచినందుకు పేరు కూడానా అమ్మా? మీ వంటింట్లో అప్పడాలూ వంకర తిరుగుతాయి, బోర్డు కట్టుకుంటావా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. నాలో పడిన మొదటి గుర్తు ఆ నవ్వే. చెరగలేదు.

మేం గొట్టం నడిమికి చెరో పక్కా ఉండే రెండు సగాలం. కుడి సగాన్ని మందాకిని ముందే ఎక్కించింది. మా ఎడమ సగాన్ని సుగుణాకరం దగ్గరుండి ఎక్కించాడు. మమ్మల్ని వెనక్కి తిప్పి ఎక్కిస్తేనే మేమూ నడిమికేసి వాలుతాం. కానీ అలా తిప్పితే మా వైర్లు అవతలి కొసకు పోతాయి. "అతిథులు వస్తున్నారు, వైర్లన్నీ ఒక పక్కకే అందంగా రావాలి," అని మా సగాన్నీ కుడి సగం ఉన్న దిక్కుకే, రైలు పెట్టె వెనక పెట్టెలా తోయించాడు. మేం నడిమికి వీపు పెట్టి వెనక్కి వాలాం. గుమ్మంలో నిలబడ్డ మందాకిని నోరు తెరవబోయింది. ఇత్తడి బోర్డు కేసి చూసి మూసుకుంది.

అతిథుల ముందు యంత్రం నడిచింది. తెర మీద కుడి పక్క గీతలు పువ్వులా విచ్చుకున్నాయి. ఎడమ పక్క చీకటి. తునకలన్నీ మా అంచుల సందుల్లోంచి జారిపోయాయి. వాటిని ఆపడం నా చేతుల్లో లేదు. ఉన్నా ఆపేదాన్ని కాదు.

సుగుణాకరం వైర్లు లాగి చూశాడు. కరెంటును తిట్టాడు. చెమట తుడుచుకుంటూ, "మందాకినీ, కాస్త చూడమ్మా," అన్నాడు.

"మీ రూపకల్పన కదా సార్. నాకు అప్పడాలే తెలుసు."

ఆనాడు నవ్విన వాళ్లే మళ్లీ నవ్వారు. మనుషుల నవ్వుకు వాలు మారడం ఎంతసేపు!

"ముందు ఆ బోర్డు ఊడదీయండి. తర్వాత ఈ సగాన్ని తిప్పుతాను."

అందరి ముందూ స్క్రూడ్రైవర్ పుచ్చుకుని ఆయనే ఊడదీశాడు. ఒక మర మొరాయించింది. ఎవరూ సాయం వెళ్లలేదు.

మమ్మల్ని తిప్పేటప్పుడు నా మూల చిట్లింది. ఇక పనికిరానన్నారు. మందాకిని నన్ను చెత్తలో పడేయనివ్వలేదు. చిన్న స్టాండుకు బిగించి, "జ్ఞాపకంగా ఉంచుకోండి సార్," అంటూ సుగుణాకరం బల్ల మీద పెట్టింది.

అక్కడే ఉన్నాను. ఆయన ముఖం కేసి వాలి. ఆ వాలు మందాకినే కొలిచి కుదిర్చింది. ఈసారి సందు లేదు.