రెండో పొయ్యి

దండెం మీద తడి చీరలు వేలాడుతున్నాయి, ఒకటి దాటితే ఇంకొకటి, అన్నీ మా అత్తగారి మడి చీరలే, చెయ్యి తగిలితే మైలపడతాయని వంగి వంగి వాటి కిందుగా నడుస్తున్నాను, ఎంత నడిచినా మా పెద్దాపురం ఇంటి పెరడు అయిపోవడం లేదు, బావి ఉండాల్సిన చోట కాకినాడ పశువుల డాక్టరుగారి బరువు తూచే యంత్రం ఉంది, దాని మీద ఎవరూ లేకపోయినా ముల్లు అటూ ఇటూ ఊగుతోంది. నా ముందు బూరె నడుస్తోంది. బూరె మా కుక్క. మా వీధిలోనే పుట్టిన ఎర్ర కుక్క, ఇంటికి తెచ్చిన రోజున గుండ్రంగా, ఉబ్బుగా, అప్పుడే నూనెలోంచి తీసినట్టుందని మా ఆయన దానికా పేరు పెట్టారు. ఒక చీర వెనక్కి వెళ్ళేటప్పుడు అది తొమ్మిదేళ్ళ కుక్క, ఇవతలికి వచ్చేసరికి చెప్పులు కొరికే పిల్ల, అయినా నాకది వింతగా తోచడం లేదు.

"ఆ చీరకి నీ తల తగిలిందంటే మళ్ళీ తడుపుకుని చావాలి నేను. చూసుకుని నడువు."

మా అత్తగారు నరసమ్మగారు. వంటింటి గోడలు లేవు గానీ వంటిల్లు ఉంది, అందులో పీట మీద కూర్చుని, గిన్నెలో పెరుగన్నం కలుపుతున్నారు. ఆవిడ పోయి తొమ్మిది నెలలైంది. ఆ సంగతి కలలోనూ నాకు తెలుసు. తెలిసీ, ఏ పురాణానికో వెళ్ళి వచ్చిన మనిషిని పలకరించినట్టు, "పొయ్యి ముట్టించారా అత్తయ్యా?" అంటాను.

"ఏ పొయ్యి?" అంటారావిడ తలెత్తకుండానే.

మా వంటింట్లో ఇరవై మూడేళ్ళు రెండు పొయ్యిలుండేవి. తూర్పు గోడ పక్కన ఉన్నది ఆవిడది, దాని మీదికి ఉల్లిపాయ గానీ వెల్లుల్లి గానీ ఎక్కేది కాదు. కిటికీ కిందది నాది. మా పుట్టింటివాళ్ళూ బ్రాహ్మలే గానీ మా నాన్నకి ఉల్లిపాయ లేనిదే ముద్ద దిగేది కాదు, ఆ నాలుకే నాకూ వచ్చింది. పెళ్ళయిన కొత్తలో మూడు నెలలు నోరు కట్టుకుని, ఇక నావల్ల కాదని ఏడిస్తే, మా ఆయన భానుమూర్తిగారు ఇటు తల్లినీ అటు నన్నూ ఏమీ అనకుండా బజారుకెళ్ళి ఇంకో పొయ్యి కొనుక్కొచ్చారు. అత్తగారు పోయాక నేను ఆవిడ పొయ్యి తీసేయించాను. ఆ చోట ఇప్పుడు మిక్సీ పెట్టుకున్నాను. సంవత్సరీకమైనా కాలేదు.

"తీసేశావుగా," అంటారావిడ, నేను అనుకున్నది పైకి వినబడినట్టు. "నేను పోయిన మర్నాడే తీసేస్తావనుకున్నా. నాలుగు నెలలు ఆగావు. ఫరవాలేదు, ఓపికే."

కోపమో మెచ్చుకోలో తెలియదు. బతికున్నప్పుడూ అంతే, ఆవిడ మాటలు విని వెంటనే నొచ్చుకోవాలో, రెండు రోజులాగి నొచ్చుకోవాలో నాకు అంతుబట్టేది కాదు.

బూరె వచ్చి గడప దగ్గర కూర్చుంటుంది, ముందు కాళ్ళు రెండూ గడపకి సరిగ్గా ఆనించి, వేలెడు కూడా లోపలికి రాకుండా. అది ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న కూర్చోవడం. ఆవిడ భోజనమయ్యాక మధ్యాహ్నం పూట పెరుగన్నం ముద్దలు చేసి, జానెడు ఎత్తునుంచి దాని పళ్ళెంలోకి జారవిడిచేవారు, "అంటుకున్నావో, చంపేస్తా" అని తిడుతూ. తొమ్మిదేళ్ళలో ఆవిడ దాన్ని ఒక్కసారి తాకలేదు, అది ఆవిడ్ని ఒక్కసారి తాకలేదు, కానీ ఇంట్లో సంగతులన్నీ ఆవిడ దానికే చెప్పేవారు. "మీ అమ్మగారికి ఇవాళ కోపంగా ఉందే బూరే, అటెళ్ళకు" అని ఆవిడంటే, నేను నా పొయ్యి దగ్గర్నుంచి, "కోపం లేదని చెప్పవే, తలనొప్పి అని చెప్పు" అనేదాన్ని. సాయంత్రానికల్లా శొంఠి కషాయం గ్లాసు గడప మీద పెట్టి ఉండేది. ఇద్దరం ఎదురెదురుగా మాట్లాడుకుంటే పోట్లాటే. దాని ద్వారా మాట్లాడుకుంటే ఎంత బాగుండేదో. ఆ మధ్యాహ్నాలు నాకిప్పుడు కావాలి. అవి ఉన్నప్పుడు వాటిని సుఖమని నేను అనుకోలేదు.

ఆవిడ ముద్ద జారవిడుస్తారు. అది పళ్ళెంలో పడిన చప్పుడు లేదు. బూరె వాసన కూడా చూడదు.

"ఇదేవిటే, తినదూ?"

"నాలుగు రోజులైంది అత్తయ్యా, ఏదీ ముట్టుకుని."

"ఏవిటి జబ్బు?"

చెబుతుంటేనే పెరడు ఆసుపత్రి వరండా అయిపోతుంది, బల్లల మీద మడి చీరలు మడతపెట్టి ఉన్నాయి, దండెం కర్రకి రక్తం సంచీ కట్టి ఉంది, దాని గొట్టం ఎక్కడెక్కడో తిరిగి వచ్చి బూరె ముందుకాలికి చేరింది. నేను చెబుతాను: ఆదివారం గ్యాసు బండి వెనకాల వీధి చివరిదాకా పరిగెత్తింది. సోమవారం లేవలేదు. మంగళవారం అది పోసిన ఉచ్చ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. దాన్ని ఒళ్ళో వేసుకుని ఆటోలో కాకినాడ తీసుకొస్తే, డాక్టరు యేసుపాదంగారు పరీక్ష చేసి, ఒంట్లో రక్తం దానికదే విరిగిపోతోందని చెప్పారు. ఒంటికి పట్టే గోమార్ల వల్ల వచ్చే జ్వరమేమోనని చూశారు, కాదు. ఇవాళ రక్తం ఎక్కిస్తున్నారు.

"ఎవరి రక్తం?" అత్తగారి చెయ్యి గిన్నెలోనే ఆగిపోతుంది.

"ఎదురింటివాళ్ళ లాబ్రడార్‌ది."

"వాళ్ళు దానికి మాంసం పెడతారు కదే."

"పెడతారు."

ఆవిడ ముక్కుపుడక తిప్పుకుంటారు. "పోనీలే. రక్తానికి మడేవిటి." మళ్ళీ అన్నం కలపడం మొదలుపెడతారు. "డాక్టరు నిన్నేదో అడిగాడుట."

నేను పారిపోదామనుకుంటాను. కాళ్ళు కదులుతాయి, కానీ ఎటు నడిచినా ఆవిడ పీట నాకు ఎదురుగానే ఉంటుంది.

డాక్టరుగారు నన్ను రెండుసార్లు అడిగారు. ఉల్లిపాయ గానీ వెల్లుల్లి గానీ తిన్నదా అమ్మా, అవి కుక్కల రక్తాన్ని విరిచేస్తాయి, అని. తినలేదంటే ఇక రోగాల్ని ఎదిరించే దాని ఒంట్లోని శక్తే దాని రక్తం మీద తిరగబడిందని అనుకోవాలి, అప్పుడు ఆ శక్తిని అణిచేసే మందు పెద్ద మోతాదులో మొదలుపెట్టాలి, అది వేస్తే చిన్న జబ్బు సోకినా ఈ కుక్క తట్టుకోలేదు, అందుకే మళ్ళీ అడుగుతున్నాను, బాగా గుర్తు తెచ్చుకోండి, అన్నారు. చేతిలో కాగితం పట్టుకుని, కలం ఆపి, నా మొహంలోకి చూశారు. గుర్తు తెచ్చుకోవడానికేముంది! అత్తగారు పోయాక బూరె అన్నం మానేస్తే, నా పులుసు కలిపి పెట్టాను. లొట్టలేసుకుంటూ తింది. అప్పట్నించి రోజూ ఎంతో కొంత అదే. శనివారం వస్తామన్న చుట్టాలు రాకపోతే, చేసిన ఉల్లిపాయల పులుసంతా అన్నంలో కలిపి గిన్నెడు దాని ముందు పెట్టాను. గిన్నె అడుగు దాకా నాకేసింది.

"అది నా పులుసు తింటుంటే నాకెంత సంతోషమేసిందో తెలుసా అత్తయ్యా," అంటాను, ఏడుపు తన్నుకొస్తుంటే. "మీ పెరుగన్నం కన్నా నాదే నచ్చిందనుకున్నాను. చనిపోయినవాళ్ళ మీద గెలిచాననుకున్నాను."

"అది సరే. డాక్టరుకి ఏం చెప్పావు?"

"మా ఇంట్లోకి ఉల్లిపాయే రాదండీ అన్నాను. మా అత్తగారు మడి మనిషి, ఆవిడ పెట్టిందే అది తింటుంది అన్నాను."

సంచీలోంచి రక్తం చుక్క చుక్కగా పడే చప్పుడు వినిపిస్తుంది. అది నూతిలో చేద దింపుతున్న చప్పుడులాగా మారి, మళ్ళీ చుక్కల చప్పుడే అవుతుంది.

"ఎందుకన్నావు?"

"ఆ కాగితం మీ అబ్బాయి చదువుతారు. అమ్మ ప్రాణమంతా దీని మీదే ఉండేది అని రోజూ అంటుంటారు. అమ్మ పోయిన ఏడాది తిరక్కుండా నా చేతి వంటతో ఇదీ పోయిందని తెలిస్తే, ఆయన నన్ను ఏమీ అనరు. అదే నాకు భయం. ఇంకో పొయ్యి కొనుక్కొచ్చినప్పుడూ ఏమీ అనలేదు."

ఆవిడ చెయ్యి కడుక్కుంటారు. చెంబులోంచి నీళ్ళు కిందపడకుండా ఎటో వెళ్ళిపోతాయి. చెయ్యి తుడుచుకుంటూ నా వైపు తిరిగాక గానీ ఆవిడకి ఎంత కోపం వచ్చిందో నాకు తెలియదు.

"ఇరవై మూడేళ్ళు నా మడిని చూసి నవ్వుకున్నావు. నాకు తెలీదనుకోకు. కిటికీ దగ్గర నిలబడి మీ చెల్లెలితో ఫోన్లో నవ్వేదానివి. నవ్వితే నవ్వావు, నాకేం కోపం లేదు. ఇవాళ అదే మడి చాటున దాక్కుంటావుటే, సిగ్గులేకపోతే సరి! నేను పోయాక నా పేరు చెప్పి అబద్ధమాడతావా?"

"తప్పే అత్తయ్యా."

"నువ్వు పొయ్యి తీసేశావు. కోడలు అత్త పొయ్యి తీసెయ్యడం తప్పు కాదు. తీసేసి, ఇంకా ఉందని చెప్పావు చూడు, అదీ తప్పు."

"నా వల్లేనా అత్తయ్యా ఇదంతా? చెప్పండి. నా పులుసు వల్లేనా?"

"నాకేం తెలుసే! నేనేమన్నా డాక్టర్నా? నేను పెట్టకపోవడం దాని మంచికని కూడా నాకు తెలీదు. నేను తిననిది దానికేం పెడతానని పెట్టలేదు, అంతే. నువ్వు తినేది నువ్వు పెట్టావు. ఆ చదువుకున్నవాడు రెండుసార్లు అడిగాడుగా, వాడికి చెప్పు. వాడు చూసుకుంటాడు."

ఎంత మామూలుగా అంటారో! డాక్టరుగారు అడిగినప్పట్నించీ నేను దాచుకున్న మాటని, పాలవాడికి రేపు అరలీటరు చాలని చెప్పమన్నంత తేలిగ్గా చెప్పమంటారు. నాకు ఆవిడ మీద కోపమొస్తుంది, ఆవిడ ఉన్నప్పుడు వచ్చినట్టే, ఆ కోపం నాకెంత హాయిగా ఉంటుందంటే అక్కడే కూలబడిపోతాను, ఆవిడ పీట పక్కన, మడి సంగతే మరచిపోయి. ఆవిడా జరగరు.

బూరె గడప దాటి వస్తుంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పడుకుంటుంది, గొట్టం దాని వెనకే పాకుతూ వస్తుంది.

"దీని ఒళ్ళు ఎలా ఉంటుందే?" అని అడుగుతారావిడ, గొంతు తగ్గించి. "గరుగ్గా ఉంటుందా?"

"వీపు మీద గరుగ్గానే ఉంటుంది. చెవుల వెనక మాత్రం మెత్తగా ఉంటుంది."

"చాలాసార్లు అనుకున్నాను. మళ్ళీ ఎవరు తానం చేస్తారు అనుకుని ఊరుకున్నాను. చలికాలం వస్తే ఇక ఓపికేదీ." ఆవిడ వేళ్ళు చాచి, గాలిలో కాసేపు ఆపి, దాని చెవి వెనక పెడతారు. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు, కళ్ళు మాత్రం కాస్త చిన్నవవుతాయి. "మెత్తగానే ఉంది సుమా," అంటారు. తర్వాత రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంటారు. నేను వెనక్కి లాక్కోబోతే గట్టిగా పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు.

"పొద్దున్నే తరిగావు."

"ఉప్మాలోకి. మానేద్దామనే అనుకున్నాను. అలవాటుగా తరిగేశాను."

"ఊఁ," అంటారు. చెయ్యి వదలరు. వాసన చూసి మొహం తిప్పుకుంటారేమోనని చూస్తాను, తిప్పుకోరు, అలాగే పట్టుకుని ఉంటారు, దండెం మీది చీరలు గాలికి లేచి మా ఇద్దరి మధ్యకి వస్తాయి, ఒకటి, ఇంకొకటి, తడిగా, చల్లగా నా వేళ్ళకి తగులుతాయి, "అత్తయ్యా, చీర మైలపడింది" అంటాను, తడి నా వేళ్ళని వదలదు.

కళ్ళు తెరుస్తాను. మధ్యాహ్నం రెండు దాటింది, ఆసుపత్రి గదిలో గోడకి చేరబడి కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోయాను. పైన ఫ్యాను తిరుగుతోంది, రక్తం సంచీ సగం పైగా ఖాళీ అయింది. పక్కన గోనెపట్టా మీద బూరె తల కాస్త ఎత్తి నా చెయ్యి నాకుతోంది. నాలుగు రోజులుగా నీళ్ళు కూడా తాగని నాలుక, ఇంకా పాలిపోయే ఉంది, వేలు వేలుకీ మధ్య వెతికి వెతికి నాకుతోంది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఉల్లిపాయ వాసన.

లేచి ముందు సబ్బుతో చెయ్యి కడుక్కుంటాను. బల్ల దగ్గర డాక్టరుగారు చీటీ రాస్తున్నారు. ఆయన ఎదురుగా, నాకు అన్నం క్యారేజీ తెచ్చిన మా ఆయన నిలబడి ఉన్నారు, ఆ మందు పేరు ఏమిటని అడుగుతున్నారు. ఆయన బయటికి వెళ్ళేదాకా ఆగుదామనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగుతాను కూడా. ఆయన కదలరు, డాక్టరుగారి కలం మాత్రం కదులుతూనే ఉంటుంది.

"డాక్టరుగారూ, ఆ మందు రాయకండి. మా అత్తగారు పోయి తొమ్మిది నెలలైంది. మా ఇంట్లో ఉల్లిపాయ వండుతాం. దీనికి నేనే పెట్టాను."

మా ఆయన క్యారేజీ బల్ల మీద పెట్టి నా వైపు చూస్తారు. డాక్టరుగారు రాసిన చీటీ మడిచి పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకుని, "ఎప్పుడమ్మా, ఎంత?" అని అడుగుతారు.

"రోజూ కొంచెం. శనివారం గిన్నెడు," అంటాను, మా ఆయన వింటుండగానే.