ముప్పయ్యో బుడ్డి

అన్నం గిన్నె దించగానే పొయ్యి మీద సూదుల గిన్నె పెట్టాలి. పెళ్ళయిన పదకొండేళ్ళుగా నా వంటలో అదీ ఒక భాగం. నీళ్ళు తెర్లాలి, గాజు సిరంజి పగలకూడదు, సూదులు శుభ్రమైన బట్ట మీద ఆరాలి. ఆ నీళ్ళు కూడా బోరింగు నుంచి నేను మోసుకొచ్చినవే. మా ఆయన ఆదెప్ప పావగడలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి వచ్చి, నిడుగల్లు చుట్టుపక్కల ఊళ్ళకు సైకిలు మీద తిరిగి సూదులు వేస్తాడు. అందరికీ డాక్టరప్పే. మంచి మనిషి. చేతిలో పైసా లేని ముసలమ్మకు కూడా సూది వేసి, "పంట రానీలే అవ్వా" అని వచ్చేస్తాడు. నేను నడుము పట్టుకుని కూలబడితే మా అత్త గుండమ్మ, "నీకేమమ్మా, ఇంట్లోనే డాక్టరుండాడు" అనేది. ఆయన వెంటనే పెట్టె తెరిచి నాకూ ఎర్ర మందు, అదే బలం సూది, వేసేవాడు. వేసి, నా ముఖంలోకి వంగి చూసేవాడు.

"తగ్గిందా?"

"తగ్గింది" అనేదాన్ని. అంత ఆశగా చూసే మనిషితో ఇంకేమంటాం? మరుసటి రోజు తెల్లవారగానే ఆ నడుముతోనే మళ్ళీ బిందె ఎత్తుకునేదాన్ని.

వరసగా మూడో ఏడు వాన మొహం చాటేసింది. అప్పుడే మా ఆడవాళ్ళ సంఘంలో నెలకు రెండేసి రూపాయలు ఒక డబ్బాలో వెయ్యడం మొదలుపెట్టాం, ఎవరికి జబ్బు చేసినా ఆదుకోవడానికి. కాన్పు కష్టమైతే పావగడకు జీపు బాడుగ, పాము కరిస్తే ఆస్పత్రి ఖర్చు. వీటికి ఎవరూ అడ్డు చెప్పలేదు. గొడవంతా బలం సూది దగ్గరే వచ్చింది. సగం మంది అదీ ఇవ్వాలన్నారు. అట్లా ఇస్తూ పోతే కాన్పు రోజుకు డబ్బాలో ఏమీ మిగలదని మిగతావాళ్ళు. సంఘం పుస్తకం రాసేది నేను కాబట్టి మా ఆయన ఇంట్లో మెల్లగా అన్నాడు, "సూది గూడా రాయి సుబ్బా. దుడ్డు లేక ఏసుకోలేనోళ్ళు ఎంతమందుండారో, పాపం." ఆ మాటలో ఆయన సంపాదన ఆశ లేదు. పాపమన్న జాలే ఉంది. అందుకే నాకు మరీ కష్టమైంది.

విత్తనం కాయలు ఒలుస్తూ ఓబక్క దారి చూపింది. ఆమె కూలి మనిషి, మా సంఘానికి పెద్ద.

"శెనిక్కాయ ఇత్తనం కొనేముందు నూరు గింజలు తడి గోనెపట్టలో చుట్టి పెడతాము గదమ్మా. ఎన్ని మొలిస్తే అంత నమ్మకం. సూదికి మాత్రం మొలక చూడకుండా దుడ్డు పెట్టేదేంది?"

"సూది యాడన్నా మొలుస్తాదా అక్కా?" అని పక్కనే కాయలు ఒలుస్తున్న చిన్నక్క నవ్వింది.

"నవ్వు, నవ్వు. ఏసుకున్నోళ్ళనీ చూడల్ల, ఏసుకోనోళ్ళనీ చూడల్ల. రాయి సుబ్బక్కా."

రాశాను. నడుము నొప్పి, నీరసం అన్నవాళ్ళు ఎవరెవరో, సూది వేసుకున్నది ఎవరో, వేసుకోనిది ఎవరో. పదిహేను రోజులయ్యాక అందరినీ ఒకటే అడిగాను: "బోరింగు కాడి నుంచి ఇంటిదాకా బిందె దించకుండా వచ్చినావా?" వేసుకోని ముప్పయి మందిలో తొమ్మిది మంది దించకుండా వచ్చారు. వేసుకున్నవాళ్ళలోనూ తొమ్మిది మందే. ఆ పద్దెనిమిది మందినీ మళ్ళీ కూర్చోబెట్టి కదిలించాను. ఒకామెకు కూతురు పుట్టింటికొచ్చింది, ఒకామె మొగుడికి కూలి దొరక్క ఇంట్లోనే ఉన్నాడు. పదిహేను మందికి ఆ పదిహేను రోజులూ నీళ్ళు ఇంకెవరో మోశారు. సూది లెక్క చూడబోతే నీళ్ళ లెక్క తేలింది.

అయితే ఒక చిక్కు మిగిలింది. మా ఊళ్ళో వేసిన బలం సూదులవి, పగలగొట్టిన మందు బుడ్లు మా ఆయన పెట్టెలో ముప్పయి ఉన్నాయి. నా పుస్తకంలో సూది వేసుకున్నవాళ్ళ పేర్లు ఇరవై తొమ్మిదే. ఎవర్ని మరిచానా అని ఊరంతా తిరిగాను. మర్నాడు పొద్దున సూదుల గిన్నె దించడానికి వంగితే నడుము కలుక్కుమంది. అక్కడే, పొయ్యి ముందు కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముప్పయ్యో బుడ్డి నాది. అందరి నడుములూ లెక్క రాసినదాన్ని, నన్ను నేను మనిషి కింద రాసుకోలేదు.

ఆ సాయంత్రం సంఘంలో అన్నీ చదివాను. మా ఆయన బయట అరుగు మీద కూర్చుని వింటున్నాడు. చివర అన్నాను: "ముప్పయ్యో మనిషి సుబ్బక్క. సూది ఏసుకునింది. తగ్గలేదు."

ఓబక్క, "సూదికి డబ్బాలో దుడ్డు వద్దు. నడుము పడినోళ్ళకి మనమే వంతులేసుకుని రెండు బిందెలు తెచ్చిద్దాం" అంది. అందరూ సరేనన్నారు.

ఇంటికి వస్తూ దారంతా ఆయన సైకిలు తోసుకుంటూ నాకంటే ముందు నడిచాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. వాకిట్లో స్టాండు వేసి అడిగాడు.

"పదకొండేండ్లుగా తగ్గిందంటివే సుబ్బా. నీ మాట నమ్మే గదా ఊరంతా ఏసినాను."

ఆ మాట నాకు సూదికంటే లోతుగా దిగింది. ఆయన నమ్మకానికి ఆధారం ఏ పుస్తకమూ కాదు, ఏ డాక్టరూ కాదు. నేను ప్రేమతో చెప్పిన అబద్ధం. ఆయన మనసు నొప్పించకూడదని నేను దాచిన నొప్పి, సూదై ఊరందరి చేతుల్లోకీ దిగింది.

"తప్పు నాదేనప్పా. నీ ముఖం చూసి చెప్పినాను, నా నడుము చూసి చెప్పలేదు."

ఆయన చేతులు తుడుచుకుని అడిగాడు. "అయితే నీకేం మందు ఇయ్యల్ల?"

గోడ పక్కన బోర్లించిన రెండు బిందెలు చూపించాను.

"పదిహేను దినాలు నువ్వు తేప్పా. తర్వాత అడుగు, తగ్గిందా అని. ఈ తూరి నిజమే చెప్తా."