నీళ్ల రిపోర్టు

సమాచారం ఇవ్వలేమని చెప్పే ఉత్తరం మంగళవారం వస్తుంది. బుధవారం పొద్దున లేచేసరికి నా చేతులు కనిపించవు.

చేతులు ఉన్నాయి. చీపురు పట్టుకుంటే చీపురు లేస్తుంది. ఎసరు దించితే గిన్నె వేడి తగులుతుంది. గాజుల దాకా చెయ్యి కనిపిస్తుంది, గాజులు దాటాక ఏమీ కనిపించదు.

నేను భయపడను. ఉత్తరం మళ్లీ తీసి చదువుతాను. విచారణ నడుస్తున్నందున దానికి సంబంధించిన ఏ అంశాన్నీ బయటపెట్టడం కుదరదని రాసి ఉంది. కింద సంతకం, గుండ్రటి ముద్ర. ఆ విచారణ నా చేతుల మీదే నడుస్తోంది. కాబట్టి ఇది సబబే అనుకుంటాను.

నా పేరు ఆగవ్వ. పదకొండేళ్లు ఆడపిల్లల హాస్టల్లో వంట చేశాను. రెండు నెలల కిందట, ఒక శుక్రవారం మధ్యాహ్నం, అన్నం తిన్న పిల్లల్లో నలభై మందికి వాంతులయ్యాయి. ముగ్గురు చనిపోయారు. మూడో పిల్ల శివాని, మా ఎదురింటి స్వరూప కూతురు, ఏడో తరగతి. వంటామె చేతులు కడుక్కోకుండా పప్పు చేసిందని వార్డెను చెప్పింది. తెల్లారేసరికి ఊరంతా అదే మాట అయింది.

ఆ శుక్రవారం సాయంత్రమే ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చి హాస్టల్ నీళ్లు పట్టుకెళ్లాడు. నల్లా కింద సీసా పట్టింది నేనే. మూత మీద లక్క కరిగించి పోసి, పరీక్షకు పంపిస్తామని చెప్పాడు. మేడ మీది ట్యాంకుకు మూత లేదని వానలకు ముందు వార్డెనుకు మూడుసార్లు చెప్పి ఉన్నాను. అందుకే నీళ్ల రిపోర్టు నకలు ఇప్పించమని సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. నేను అడిగింది అదొక్కటే.

స్వరూప ఎదురింటి గడప మీద కూర్చుని ఉంటుంది. శివాని పోయినప్పటి నుంచి పొద్దంతా అక్కడే కూర్చుని నా వాకిలి చూస్తుంది. ఇదివరకు నన్ను అక్కా అని పిలిచేది. ఇప్పుడు ఏమని పిలవాలో తెలియక మాట్లాడటం మానేసింది. నేను చేతులు చాపి చూపిస్తాను. ఆమె నా గాజుల లోంచి అవతలి గోడను చూస్తుంది.

కలెక్టరాఫీసు ప్రహరీ పక్కన వజీర్ సాబ్ టైపు మిషను పెట్టుకుని కూర్చుంటాడు. నా అర్జీ కొట్టింది ఆయనే. ఉత్తరం చదివి, నా చేతులు ఉండాల్సిన చోటు చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు.

"అప్పీలు చెయ్యాలె," అంటాడు. "ముప్పై దినాలల్ల."

"చేతులు గూడ అడుగుదామా, సాబ్?"

"వద్దు. రెండడిగితే రెండూ ఇయ్యరు. ముందుగాల నీళ్లడుగు."

ఆయన కొడుతుంటే కాగితం మీద నీళ్ల రిపోర్టు అని రావాల్సిన చోట 'ళ్ల రిపోర్టు' అని వస్తుంది. మిషన్లో 'నీ' అక్షరం లేదు. అది ఉండాల్సిన చోట పన్ను ఊడిన చిగురులా మెత్తటి గుంట ఉంది.

"మొన్న ఆఫీసోళ్లు వచ్చి ఊడదీస్కపోయిన్రు," అంటాడు వజీర్ సాబ్. "ఎంక్వైరీకి కావాల్నట."

"పెన్నుతోని రాయి మరి."

"రాసి సూసిన. నిలుస్తలేదు."

నాకు కూడా రాసి చూపిస్తాడు. సిరాతో రాసిన 'నీ' కాగితం మీద కాసేపు వణికి, అంచు దాకా జారి, చుక్కై నేల మీద పడుతుంది. మట్టి దాన్ని పీల్చుకుంటుంది. మేము అప్పీలును అలాగే ఇచ్చి వస్తాం.

పిలుపు వచ్చిన రోజు ఆఫీసుకు వెళ్తాను. సమాచార అధికారి పరాంకుశం గారు బల్ల వెనుక కూర్చుని ఉన్నారు. అప్పీలు వినే అధికారి ఎక్కడ ఉంటారని అడుగుతాను. ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఇటువైపు కుర్చీలో కూర్చుంటారు. ఈ కుర్చీ దానికంటే నాలుగు అంగుళాలు ఎత్తు.

"ఇప్పుడు చెప్పమ్మా," అంటారు.

తాను రాసిన ఉత్తరాన్ని మొదటిసారి చూస్తున్నట్టు పెదవులు కదుపుతూ చదువుతారు. చదివి తల ఊపుతారు.

"రాసినాయన జాగ్రత్తగనే రాసిండు."

"నీళ్లల్ల ఏమున్నదో చెప్తే సాలు సార్."

"మీ అప్పీల్ల నీళ్లు లేవు గదమ్మా. ళ్ల రిపోర్టు అడిగిన్రు. ఆ పేరు మీద మా దగ్గర రిపోర్టు లేదు."

"ఆ అక్షరం మీ మనుషులే తీస్కపోయిన్రు."

"అది మా దగ్గర ఉన్నదా లేదా అని చెప్పే వీలు లేదు. ఎంక్వైరీ నడుస్తున్నది."

"ఎంక్వైరీ ఎప్పుడు ఒడుస్తది సార్?"

ఆయన కిటికీ బయటకు చూస్తారు. ఆవరణలో ఎవరో నల్లా కింద కాళ్లు కడుక్కుంటున్నారు.

"నీళ్లు వస్తనే ఉన్నయి," అంటారు. "వచ్చుడు ఆగకముందే నీళ్ల మీద ఎంక్వైరీ ఒడిసిందని ఎట్లంటమమ్మా?"

దిగి వస్తూ మెట్ల మీద కూర్చుండిపోతాను. శివాని ఎప్పుడూ పప్పు రెండోసారి వేయించుకునేది. ఆ శుక్రవారం కూడా పళ్లెం చాపింది. నవ్వి, నిండా వేశాను. నీళ్ల వల్లనే అని అందరికీ చెబుతాను. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు, ఆ రోజు పప్పు కడిగానా, ఎన్ని నీళ్లలో కడిగాను, చేతులు ఎక్కడ తుడుచుకున్నాను అని నన్ను నేనే అడుగుతాను. జవాబు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ఆ రిపోర్టు ఊరివాళ్లకంటే నాకే ఎక్కువ కావాలి.

రెండో అప్పీలు పట్నంలో కమిషనుకు పెడతాను. అక్కడ వరండాలో బెంచీ మీద కూర్చోమంటారు. ఒక గుమాస్తా తలుపు తీసి, "ఆగవ్వా," అని పిలుస్తాడు. లేచి నిలబడతాను.

"ఆగు అవ్వా అంటే లేస్తవేంది?" అంటాడు.

కూర్చుంటాను. కాసేపటికి మళ్లీ పిలుస్తాడు. మళ్లీ లేస్తాను. అతనిది తప్పు కాదు, నాదీ కాదు. ఇలా పదహారు నెలలు గడుస్తాయి.

పదిహేడో నెలలో స్వరూప వస్తుంది. తన గడపను పెకిలించి చంకలో పెట్టుకుని తెచ్చింది. దాన్ని నా బెంచీ పక్కన నేల మీద పరిచి, దాని మీద కూర్చుంటుంది. గడప మీది పసుపు వెలిసిపోయి ఉంది.

నేనే అడుగుతాను. "ఎందుకొచ్చినవ్ స్వరూపా?"

ఆమె నన్ను చూడకుండా చెబుతుంది. "నిన్ను తిట్టాల్నంటే నువ్వేనని తెల్వాలె గద. ఎవ్వల్ని తిట్టాల్నో తెల్వక నోరు ఎండిపోతున్నది."

మంచినీళ్ల సీసా ఇవ్వబోయి, ఆగి, నా వెనుకే పెట్టుకుంటాను.

ఆ మధ్యాహ్నమే మమ్మల్ని లోపలికి రానిస్తారు. గదిలో నీళ్లు మడమల దాకా నిలిచి ఉన్నాయి. ఎవరూ వాటి గురించి మాట్లాడరు. కమిషనరు గారు ఎత్తయిన వేదిక మీద ఉన్నారు. పరాంకుశం గారు ప్యాంటు మడుచుకుని నిలబడి ఉన్నారు.

"రిపోర్టు ఉన్నదా?" అని అడుగుతారు కమిషనరు గారు.

"ఉన్నదంటే ఇవ్వాల్సి వస్తది సార్. లేదంటే ఎందుకు లేదో చెప్పాల్సి వస్తది. అందుకని మేం రెండూ అంటలేం."

నీళ్లు మోకాళ్ల దాకా వస్తాయి. గుమాస్తాలు ఫైళ్లు నెత్తికెత్తుకుంటారు. కమిషనరు గారు చాలాసేపు రాసి, నకలు ఇవ్వనక్కర లేదని, అర్జీదారు ఒకసారి చూసుకోవచ్చని చదువుతారు. తర్వాత నా వైపు తిరుగుతారు.

"చూసేముందు ప్రమాణం చెయ్యాలి. చెయ్యెత్తు."

ఎత్తుతాను.

"చెయ్యెత్తమ్మా."

"ఎత్తిన సార్."

"గాజులే కనబడుతున్నాయి. గాజుల ప్రమాణం చెల్లదు."

నా కొంగు నీళ్లలో తేలుతోంది. దాని వైపే చూస్తూ నిలబడతాను. నా పక్క నుంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది. స్వరూపది.

"నేను సూస్త."

"నువ్వెవరు?"

"శివాని అమ్మను."

కమిషనరు గారు తల ఎత్తరు. నా పేరు కొట్టేసి ఆమె పేరు రాస్తారు.

రికార్డు గది మా హాస్టల్ మేడ మీద ఉంది. అంటే ట్యాంకే. ఇప్పుడు దానికి ఇనుప మూత, మూతకు తాళం ఉన్నాయి. తాళంచెవి రికార్డు మనిషి నర్సింగం దగ్గర ఉంది. ముసలివాడు, ఓపికగా చెబుతాడు.

"సూడొచ్చు. రాసుకోవద్దు. ఫోటో తియ్యద్దు. బయటికి ఏం తీస్కపోవద్దు."

"యాదిల ఉంటే?" అని అడుగుతుంది స్వరూప.

"యాది గూడ గేటు కాడ సూస్తం."

స్వరూప నిచ్చెన మీద లోపలికి దిగుతుంది. ట్యాంకు మనిషి ఎత్తే ఉంటుంది కానీ ఆమె అడుగుల చప్పుడు పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కిందికి పోతూనే ఉంటుంది. నేను కాలుతున్న సిమెంటుకు చెవి ఆనించి వింటాను. చప్పుడు ఆగుతుంది. లక్క పగిలినట్టు చిన్న శబ్దం వస్తుంది. ఆ తర్వాత ఆమె గొంతు, చాలా లోతు నుంచి.

"నీళ్లే, అక్కా."

నుదురు ట్యాంకు గోడకు ఆనించి అలాగే ఉండిపోతాను. సిమెంటు కాలుతోంది. తియ్యబుద్ధి కాదు.

ఆమె పైకి వచ్చేసరికి బుగ్గలు ఉబ్బి ఉంటాయి. పెదవులు గట్టిగా బిగించి ఉంటాయి. చేతులు ఖాళీ.

గేటు దగ్గర నర్సింగం బ్యాటరీ లైటు తీసి, స్వరూప చెవుల్లోకి వేసి చూస్తాడు.

"ఏమన్న యాదున్నదా?"

ఆమె నోరు తెరవదు. చెప్పవలసినది ఏమీ లేదని పుస్తకంలో రాసుకుంటాడు. తర్వాత నా చెవిలోకి లైటు వేస్తాడు.

"నీకు రెండు మాటలున్నయి," అంటాడు.

చిటికెన వేలితో ఒకటి మెల్లగా లాగి, గుడ్డలో చుట్టి, జేబులో పెట్టుకుంటాడు. నొప్పి ఉండదు. రెండోదాన్ని లైటు వెలుతురులో తిప్పి తిప్పి చూస్తాడు.

"ఇది సర్కారుది గాదు. ఉంచుకో."

లోపల స్వరూప ఏం చెప్పిందో ఇప్పుడు నాకు తెలియదు. ఎంత వెతికినా చెవిలో అక్కా అన్న పిలుపు ఒక్కటే ఉంది. ముందున్న చోటు ఖాళీ. నేను ఆ పిలుపునే పట్టుకుని ఆమె వెంట నడుస్తాను.

ఎండలో ఊరు దాటుకుని మా వీధికి వస్తాం. స్వరూప దారి పొడుగునా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది. ఒక్కసారి కూడా గుటక వేయదు. గొంతు మీది నరాలు తాళ్లలా లేచి ఉంటాయి. వీధి నడిమధ్య కూర్చుంటుంది. నేను పక్కన కూర్చోగానే, రెండేళ్ల తర్వాత, తల తెచ్చి నా భుజం మీద పెడుతుంది. ముఖం ఆకాశం వైపు తిప్పుతుంది. నోరు తెరుస్తుంది.

ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లలోంచి వస్తారు. నాతో మాట్లాడటం మానేసినవాళ్లే. చనిపోయిన మిగతా ఇద్దరు పిల్లల తల్లులు కూడా వస్తారు. కొంగులు వెనక్కి దోపుకుని, చేదబావిలోకి చూసినట్టు, స్వరూప నోట్లోకి వంగి చూస్తారు.

నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి.

"అడుగు కండ్లవడ్తలేదు," అంటుంది ఒకామె.

ఇంకొకామె గులకరాయి ఏరి వేస్తుంది. అది పడిన చప్పుడు కోసం అందరం ఆగుతాం. చప్పుడు రాదు. దాని బదులు కింద ఎక్కడో ఇనుము మీద తడికాళ్ల సవ్వడి మొదలవుతుంది. ఒక మెట్టు. ఆగి, ఇంకో మెట్టు.

"ఎవ్వలో ఎక్కొస్తున్రు," అంటుంది మొదటి పిల్ల తల్లి.

"ఒక్కలా, ముగ్గురా?"

ఎవరూ చెప్పలేరు. ఎవరూ వెనక్కి జరగరు. స్వరూప దవడ వణుకుతోంది, కళ్ల పక్కల నుంచి చెమట నా భుజం మీదికి కారుతోంది. నోరు మాత్రం మూయదు.

సవ్వడి దగ్గరవుతుంది. నీళ్లు అంచుదాకా లేచి, చీలి, తొలగుతాయి. స్వరూప కింది పెదవి మీద, లోపలి నుంచి, నానిపోయి తెల్లబడిన నాలుగు చిన్న వేళ్లు వచ్చి పట్టుకుంటాయి.